రోడ్డు రాకముందే నీటి దారి చెప్పండి
(ఒక నిరంతర విద్యా కేంద్రంలో సాయంత్రం పూట చేసిన ప్రసంగం)



పొద్దంతా పని చేసి వచ్చారు. ఎక్కువసేపు కూర్చోబెట్టను. కానీ చెప్పవలసిన మాట మాత్రం పూర్తిగా చెప్పి వెళ్తాను.

మీ పొలాల్లో సర్వే రాళ్లు పాతారు. కొత్త జాతీయ రహదారి మీ ఊరి పక్కగా పోతుందట. మొన్న పేపర్లో ఒక ప్రకటన వచ్చింది. ఈ కేంద్రంలోనే చదువు నేర్చుకున్న ఒక అక్క దాన్ని చదివింది. కత్తిరించి, అదిగో, ఆ గోడకు అంటించింది. చదివితే మూడు మాటలు అర్థం కాలేదట. ఒకటి, పర్యావరణ అనుమతి. రెండు, ప్రజాభిప్రాయ సేకరణ. మూడు, చిత్తడి నేల. ఈ మూడు మాటలు చెప్పమని నన్ను పిలిచారు.

చెబుతాను. ముందు ఒక సంగతి. నేను రోడ్డుకు విరోధిని కాను. రోడ్ల పని చేసే నా పిల్లల్ని పెంచాను. రోడ్డు లేని ఊళ్లో నిండు చూలాలిని మంచం మీద మోసుకుపోవడం కళ్లారా చూశాను. రోడ్డు కావాలి. కాని రోడ్డు వచ్చేటప్పుడు నీటిని అడ్డుకోకూడదు. ఈ మాట నాకు పుస్తకం నేర్పలేదు. నేను చేసిన తప్పు నేర్పింది.

నేను చేసిన తప్పు

చాలా ఏళ్ల కిందటి మాట. ఒక ఊరికి రోడ్డు వేస్తున్నాం. ఆ ఊరి పేరు చెప్పను. కూలీల దగ్గర ఉండి పని చూసేవాణ్ణి నేను. పొలాల మధ్య మట్టికట్ట పోసి, దాని మీద రోడ్డు వేయాలి. దారిలో ఒకచోట వాగు పాయ ఉంది. ఎండాకాలంలో చూస్తే అది వాగులాగే లేదు. గడ్డి మొలిచిన పల్లం. మేకలు మేస్తున్నాయి. అక్కడ రెండు పైపులు పెట్టి కల్వర్టు కట్టమని కాగితంలో ఉంది.

గడ్డి కోసుకుంటున్న ఒక ముసలమ్మ నా దగ్గరకు వచ్చింది. “బాబూ, ఇక్కడ నీళ్లు పారతాయి. పెద్దవాన కొట్టిన ఏడు నా నడుం దాకా వచ్చినయ్. ఈ రెండు గొట్టాలు ఏం చాలతాయయ్యా?” అంది.

నేను నవ్వాను. “లెక్క కట్టింది ఇంజనీర్లమ్మా, నువ్వూ నేనూ కాదు” అన్నాను.

ఆమె ఊరుకోలేదు. నన్ను తన పశువుల పాక దగ్గరకు తీసుకుపోయింది. గోడ మీద వరద చార చూపించింది. నేల నుంచి మూడడుగుల ఎత్తున ఉంది. నేను చూశాను. చూసి కూడా పైవాళ్లకు చెప్పలేదు. చెబితే డిజైను మార్చాలి. మారిస్తే పని ఆగుతుంది. పని ఆగితే నాకు మాట వస్తుంది. అందుకని నోరు మూసుకున్నాను.

రెండేళ్లు పెద్ద వానలు లేవు. మూడో ఏడు తుఫాను వచ్చింది. రాత్రికి రాత్రి వాగు పొంగింది. నీళ్లు వచ్చి కట్టకు కొట్టుకున్నాయి. పైపులకు తూడూ, కంపా అడ్డం పడ్డాయి. నీళ్లు వెనక్కి మళ్లాయి. కట్టకు ఎగువనున్న పేట మునిగింది. తెల్లవారుజామున ఊరివాళ్లే పలుగులూ పారలూ తెచ్చి రోడ్డుకు గండి కొట్టారు. అప్పుడు గాని నీళ్లు దిగలేదు. మనుషులు బతికారు. గొడ్లు పోయాయి. ఆ ముసలమ్మ పాడిగేదె కూడా పోయింది.

నేను పోయి ఆమె ముందు నిలబడ్డాను. ఆమె నన్ను తిట్టలేదు. “చెప్పాను గదయ్యా” అంది. అంతే.

ఆమె చెప్పింది. నిజమే. కాని ఆమె మాట గాలిలో పోయింది. కాగితం మీదకు ఎక్కలేదు. కాగితం మీద ఉండి ఉంటే, నేను నోరు మూసుకున్నా ఆ కాగితం మాట్లాడేది. మీ మాట అలా గాలిలో పోకూడదు. అందుకే వచ్చాను.

కట్ట నీటికి ఏం చేస్తుంది?

వాకిలి కడిగేటప్పుడు పారే నీళ్లకు అడ్డంగా ఒక కర్ర పెట్టి చూడండి. కర్రకు ఇవతల నీళ్లు నిలుస్తాయి. అవతల నేల ఎండుతుంది. కర్రలో సందు ఉంటే, అక్కడ నీళ్లు జోరుగా చిమ్మి మట్టిని కోసుకుపోతాయి. రోడ్డుకట్ట కూడా ఇంతే.

ఎగువన ముంపు. దిగువన ఎద్దడి. కల్వర్టు మూతి దగ్గర కోత. ఈ మూడూ ఒకే కట్ట వల్ల వస్తాయి. ఎగువ రైతు వరి కుళ్లిందని ఏడుస్తాడు. దిగువ రైతు తన చెరువుకు నీళ్లు రాలేదని ఏడుస్తాడు.

నాలుగోది కూడా ఉంది. తొలకరికి చేపలు గుడ్లు పెట్టడానికి వాగుకు ఎదురెక్కుతాయి. ఇది మీకు తెలుసు. పైపును నేలమట్టానికి పైన పెడితే, అందులోంచి నీళ్లు జలపాతంలా కిందికి పడతాయి. చేప దాన్ని ఎక్కలేదు. నాలుగేళ్లలో ఎగువ మడుగులో చేప తగ్గిపోతుంది. రోడ్డు వల్ల తగ్గిందని ఎవరికీ తోచదు.

మరి ఏం చేయాలి? కల్వర్టు వాగంత వెడల్పు ఉండాలి. దాని అడుగు వాగు అడుగుతో సమానంగా ఉండాలి. పల్లం విశాలంగా ఉన్నచోట ఒక్క తూము చాలదు. వరసగా ఖానాలు పెట్టాలి. మరీ పెద్ద పల్లమైతే కట్ట వద్దు. స్తంభాల మీద వంతెన వేయాలి. దీనికి డబ్బు ఎక్కువవుతుంది. అందుకే అడగనిదే వేయరు.

చిత్తడి నేల అంటే ఏమిటి?

ఏడాది పొడుగునా గాని, కొన్ని నెలలు గాని నీళ్లు నిలిచి ఉండే నేలను చిత్తడి నేల అంటారు. మడుగులు, తుంగ మొలిచే పల్లాలు, సముద్రపు ఒడ్డున మడ అడవులు, ఇవన్నీ చిత్తడి నేలలే. “పనికిరాని పల్లం” అని మనం అంటాం. పనికిరానిది కాదు. వాన ఎక్కువైతే నీళ్లు పట్టి ఉంచుతుంది. వాన తక్కువైతే మెల్లగా వదులుతుంది. బావుల్లో ఊట నిలబెడుతుంది. చేపకు, పిట్టకు, పశువుకు తిండి పెడుతుంది.

మనకు తెలిసిన పెద్ద చిత్తడి నేల కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు దానిలో కలుస్తాయి. నీళ్లు బయటకు పోయే దారి ఒకటే. అది ఉప్పుటేరు. ఉప్పుటేరు గుండా నీళ్లు సముద్రానికి పోతాయి. వచ్చే దారులు చాలా, పోయే దారి ఒకటి. అందుకని కొల్లేట్లో అడ్డం పడే ప్రతి కట్టా, అది చేపల చెరువు గట్టయినా, రోడ్డుకట్టయినా, నీటి నడకను మందం చేస్తుంది.

1999లో ప్రభుత్వం కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించింది. అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లు దాని కిందకు వచ్చాయి. కాంటూరు అంటే సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత. 2002లో కొల్లేరు రాంసర్ జాబితాలో చేరింది. రాంసర్ అనేది ఇరాన్ దేశంలో ఒక ఊరు. చిత్తడి నేలలను కాపాడాలని 1971లో చాలా దేశాలు అక్కడ ఒప్పందం చేసుకున్నాయి. 2006లో కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వమే కొట్టించింది.

ఇక్కడ న్యాయం రెండు వైపులా ఉంది. కొల్లేటి లంక గ్రామాల వాళ్లకు రోడ్డు కావాలి. వాళ్ల పిల్లలు బడికి పోవాలి, రోగులు ఆస్పత్రికి పోవాలి. నీటికీ దారి కావాలి. లేకపోతే అదే లంకలు మునుగుతాయి. కట్ట పోస్తే చవక, నీళ్లు ఆగుతాయి. వంతెన వేస్తే ఖర్చు, నీళ్లు పారతాయి. ఈ బేరం ఎక్కడ తేలాలి? రోడ్డు వేసేశాక కోర్టులో కాదు. రోడ్డు వేయకముందు, అనుమతి దగ్గర తేలాలి. అభయారణ్యంలో భూమి తీసుకుని రోడ్డు వేయాలంటే 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ఉంది. జాతీయ వన్యప్రాణి బోర్డు దాకా కాగితం పోవాలి.

చిత్తడి నేలల కోసం 2017లో కేంద్రం నిబంధనలు చేసింది. రాంసర్ జాబితాలో ఉన్నవాటికి, ప్రభుత్వం ప్రకటించినవాటికి అవి వర్తిస్తాయి. ఆ నేలను వేరే పనికి మార్చకూడదు. ఆక్రమించకూడదు. గడచిన పదేళ్ల సగటు పెద్దవరద మట్టం నుంచి 50 మీటర్ల లోపల శాశ్వత కట్టడాలు కట్టకూడదు. పడవల రేవుకు మాత్రం మినహాయింపు ఉంది.

ఒక మెలిక జాగ్రత్తగా వినండి. వరి మళ్లను, సాగునీటి కోసం కట్టిన చెరువులను ఆ నిబంధనల లెక్కలోంచి తీసేశారు. అంటే మీ ఊరి చెరువు వాటి కిందకు రాదు. అట్లాగని మీ చెరువు దిక్కులేనిది కాదు. 2002లో మన రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. వాల్టా అంటారు. చెరువులనూ కుంటలనూ కాపాడటం ఆ చట్టం ఉద్దేశాల్లో ఒకటి. కనుక అర్జీలో “చిత్తడి నేల” అని ఒక్కమాట రాసి ఊరుకోకండి. “మా చెరువు, దానికి నీళ్లు వచ్చే వాగు, దాని అలుగు నీళ్లు పోయే కాలువ” అని విడమర్చి రాయండి.

పర్యావరణ అనుమతి

ఇల్లు కట్టాలంటే పంచాయతీ అనుమతి కావాలి కదా. అట్లాగే పెద్ద ప్రాజెక్టు కట్టాలంటే పర్యావరణ అనుమతి కావాలి. పని మొదలుపెట్టడానికి ముందే తీసుకోవాలి.

1984లో భోపాల్‌లో విషవాయువు వేలమంది ప్రాణాలు తీసింది. ఆ తర్వాత, 1986లో పర్యావరణ రక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద 1994లో అనుమతుల పద్ధతి పెట్టారు. 1997లో జనం మాట వినాలనే నియమం చేర్చారు. 2006లో ఆ పద్ధతిని తిరగరాశారు. మధ్యలో మార్పులు జరుగుతున్నా, పునాది మాత్రం 2006 నాటిదే.

దాని ప్రకారం కొత్త జాతీయ రహదారికి ఈ అనుమతి కావాలి. ఉన్న జాతీయ రహదారిని వెడల్పు చేసేటప్పుడు మాత్రం అన్నిటికీ అక్కర్లేదు. 2013లో చేసిన మార్పు ప్రకారం, వెడల్పు చేసే రోడ్డు 100 కిలోమీటర్లు దాటాలి. దానితోపాటు, పాత దారి వెంట అదనంగా తీసుకునే భూమి 40 మీటర్ల వెడల్పు దాటాలి. దారి మళ్లించే చోట, బైపాసుల దగ్గర 60 మీటర్లు దాటాలి. అప్పుడే అనుమతి అవసరం.

ఈ లెక్క వల్ల ఒక తగాదా వచ్చింది. తమిళనాడులో విల్లుపురం నుంచి నాగపట్నం దాకా రోడ్డు వెడల్పు చేసే పని పెట్టుకున్నారు. మొత్తం దాదాపు 180 కిలోమీటర్లు. దాన్ని నాలుగు ముక్కలు చేశారు. ఒక్కో ముక్క వంద కిలోమీటర్ల లోపే. అనుమతి తప్పించుకోవడానికే ఇట్లా ముక్కలు చేశారని కొందరు కోర్టుకు పోయారు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీసుకునే భూమి 40, 60 మీటర్లు దాటనంతవరకు ఆ రోడ్డుకు అనుమతి అక్కర్లేదంది. అయితే రోడ్డును ముక్కలు చేయవచ్చా, చేస్తే ఎప్పుడు చేయవచ్చు అనేది తేల్చడానికి నిపుణుల సంఘాన్ని వేయమని కేంద్రాన్ని ఆదేశించింది.

దీన్నిబట్టి మనం అడగవలసిన మొదటి ప్రశ్న ఏమిటి? “అయ్యా, ఈ రోడ్డు మొత్తం పొడవెంత? ఎక్కడ మొదలు, ఎక్కడ చివర? ఎన్ని ముక్కలుగా వేస్తున్నారు? ఇది కొత్త రోడ్డా, పాతదాన్ని వెడల్పు చేస్తున్నారా?” ఇది అడగండి.

అనుమతి కోరేవాళ్లు ఒక నివేదిక తయారు చేయించాలి. రోడ్డు వల్ల నీటికి, మట్టికి, గాలికి, చెట్టుకు, మనిషికి ఏం జరుగుతుందో అందులో రాయాలి. జరిగే చెడును ఎట్లా తగ్గిస్తారో కూడా రాయాలి. దీన్నే పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక అంటారు. ఆ నివేదికలో మీ ఊరి వాగు ఉందా? ఉంటే దాని మీద ఎన్ని ఖానాలు? ఇది చూడటం మన పని.

ప్రజాభిప్రాయ సేకరణ

గోడ మీది ప్రకటన దీని గురించే. ఇది ఎట్లా జరుగుతుందో వరసగా చెబుతాను.

రోడ్డు వేసేవాళ్లు అడిగితే, కాలుష్య నియంత్రణ మండలి ఈ సభ ఏర్పాటు చేస్తుంది. ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన వేయాలి. జనానికి కనీసం 30 రోజుల గడువు ఇవ్వాలి. పేపరు రాని ఊళ్లలో డప్పు కొట్టించి చాటింపు వేయించాలని, రేడియోలో, టీవీలో చెప్పాలని నిబంధనలోనే ఉంది.

నివేదిక ముసాయిదాను, దాని సారాంశాన్ని జనం చూసేట్టు పెట్టాలి. కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్తులో, ఇంకా ప్రకటనలో చెప్పిన ఆఫీసుల్లో ఉంటాయి. సారాంశం మన భాషలో కూడా ఉండాలి. పోయి “తెలుగు సారాంశం చూపించండి” అని అడగండి. ఇద్దరు ముగ్గురు కలిసి పోండి. ఒకరు చదవండి, ఒకరు రాసుకోండి.

సభ రోడ్డు పోయే చోటగాని, దానికి దగ్గరలోగాని జరగాలి. కలెక్టరు గాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారి గాని అధ్యక్షత వహించాలి. సభనంతా వీడియో తీయాలి. వచ్చిన ప్రతి ఒక్కరికీ అడిగే అవకాశం ఇవ్వాలి. ఆడవాళ్లకు, మగవాళ్లకు, భూమి ఉన్నవాళ్లకు, లేనివాళ్లకు, అందరికీ.

ఇప్పుడు చెప్పేది బాగా గుర్తుపెట్టుకోండి. సభ అయిపోయాక లేచి వెళ్లిపోకండి. జనం ఏమేం చెప్పారో రాసింది అక్కడే, ఆ రోజే చదివి వినిపించాలి. మనకు తెలిసే భాషలో వివరించాలి. ఆ తర్వాతే అధికారి సంతకం చేయాలి. మీ మాట అందులో రాకపోతే లేచి చెప్పండి. “మా వాగు సంగతి రాయలేదండీ, రాయండి” అనండి. సంతకం పడకముందే అనాలి.

సభకు రాలేనివాళ్లు రాసి పంపవచ్చు. రాసి ఇచ్చినదానికి రసీదు అడగండి. ఇంకో ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.

ఇది ఓట్ల పెట్టె కాదు. చేతులు ఎత్తించి లెక్కపెట్టరు. వద్దన్నంత మాత్రాన రోడ్డు ఆగదు. అయితే జనం లేవనెత్తిన ప్రతి అంశానికీ రోడ్డు వేసేవాళ్లు జవాబు రాయాలి. దానికి తగ్గట్టు నివేదికను సరిచేయాలి. ఆ కాగితాలన్నీ నిపుణుల సంఘం ముందుకు పోతాయి. వాళ్లు షరతులు పెట్టమని చెప్పవచ్చు. “ఫలానా చోట ఇంత వెడల్పు వంతెన” అనే షరతు పడిందంటే, దానికి బలం ఉంటుంది. మనం అనని మాట మాత్రం ఏ షరతులోకీ రాదు.

పొలం పోయినవాడు, పొలం మునిగేవాడు

ఇట్లాంటి సభల్లో అందరూ నష్టపరిహారం గురించే మాట్లాడతారు. తప్పు కాదు. భూమి పోయినవాడి కడుపుమంట అది. కాని భూమి ధర తేలే చోటు వేరు. దానికి వేరే చట్టం, వేరే అధికారి ఉన్నారు.

పొలం పోయినవాడికి ఎంతో కొంత డబ్బు వస్తుంది. పొలం పోకుండా, కట్ట పక్కన ఏటా మునిగేవాడికి ఏమీ రాదు. అతని పేరు ఏ జాబితాలోనూ ఉండదు. వాగులో చేపలు పట్టుకునేవాళ్ల పేరూ ఉండదు. పల్లంలో గేదెలు మేపుకునే అక్క పేరూ ఉండదు. వాళ్ల మాట చెప్పుకోవడానికి ఉన్న ముఖ్యమైన చోటు ఈ సభే. అందుకని పరిహారం మాట మాట్లాడేవాళ్లు మాట్లాడండి. నీటి మాట మాట్లాడటానికి ముందే ముగ్గురిని ఎంచుకోండి. అందులో ఒకరు వాగు ఒడ్డున ఉండే పేట నుంచి ఉండాలి. ఒకరు ఆడమనిషి ఉండాలి. వరదొచ్చినప్పుడు పొయ్యి మీద నీళ్లెంత ఎత్తున నిలిచాయో ఆమెకే తెలుసు.

కాగితం మీద ఏం రాయాలి?

“మాకు అన్యాయం జరుగుతోంది” అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. చోటు రాయాలి, ఎత్తు రాయాలి, ఏడు రాయాలి. ఇదిగో, ఇట్లా:

“గౌరవనీయులైన కాలుష్య నియంత్రణ మండలి అధికారి గారికి,

... గ్రామస్థులు రాసుకున్న అర్జీ.

1. రోడ్డు మా ఊరి ... వాగును ... నంబరు పొలం దగ్గర దాటుతుంది. ఎండాకాలంలో అక్కడ నీళ్లు కనిపించవు. ... సంవత్సరం వరదలో ... అడుగుల లోతు పారింది. వరద చార ... గోడ మీద ఉంది. వచ్చి చూడగలరు.

2. నివేదికలో అక్కడ ... పైపులు చూపించారు. అవి చాలవు. వాగంత వెడల్పు వంతెన కావాలి.

3. మా చెరువుకు నీళ్లు వచ్చే కాలువ ... దగ్గర రోడ్డుకు అడ్డం పడుతుంది. అక్కడ నివేదికలో ఏ తూమూ లేదు.

4. కట్టకు మట్టి ఎక్కడి నుంచి తెస్తారు? మా చెరువుగట్టు దగ్గర, వాగు ఒడ్డున తవ్వవద్దు. మిగిలిన మట్టి, కంకర వాగులో పోయవద్దు.

5. వానాకాలం ముందు ఏటా తూములు శుభ్రం చేసే బాధ్యత ఎవరిది? పేరు, హోదా రాయండి.

ఇట్లు, ...”

ఖాళీలు మీరు నింపండి. అయిదో ప్రశ్న చిన్నదని వదలకండి. ఆ ముసలమ్మ ఊళ్లో పేటను ముంచింది సగం వరదైతే, సగం పైపుల్లో ఇరుక్కున్న కంప.

అనుమతి వచ్చాక

అనుమతి వస్తే పని అయిపోలేదు. అనుమతి కాగితంలో షరతులు ఉంటాయి. దాని ప్రతి పంచాయతీకి రావాలి. సర్పంచి గారిని అడిగి చదవండి. షరతులు పాటిస్తున్నారా లేదా అని రోడ్డు వేసేవాళ్లు ఆరు నెలలకొకసారి నివేదిక పంపాలి. మీరు చూసింది ఒకటి, కాగితంలో రాసింది ఒకటి అయితే, ఫొటో తీసి రాసి పంపండి. కాగితాలు ఇవ్వకపోతే 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం కింద అడగండి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లు రుసుము కట్టక్కర్లేదు.

ఇచ్చిన అనుమతే తప్పు అనుకుంటే, జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. 2010 చట్టంతో ఏర్పడింది. మన దక్షిణాది బెంచి చెన్నైలో ఉంది. అనుమతి సంగతి తెలిసిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల దాకా గడువు ఇవ్వవచ్చు. ఆ తర్వాత తలుపు మూసుకుపోతుంది. కనుక తేదీలు గోడ మీద రాసి పెట్టుకోండి.

మరి చిన్న రోడ్ల సంగతి?

ఊరికీ ఊరికీ మధ్య వేసే రోడ్లకు ఈ పర్యావరణ అనుమతి, ఈ సభ ఉండవు. నేను తప్పు చేసింది అట్లాంటి చిన్న రోడ్డు దగ్గరే. ప్రమాదం చిన్నది కాదు.

అయితే 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో ఒక మంచి నియమం పెట్టారు. రోడ్డు గీత ఖాయం చేసేముందు ఇంజనీరు, పంచాయతీ వాళ్లు, ఊరివాళ్లు కలిసి ఆ దారి పొడుగునా నడవాలి. నీళ్లు ఎక్కడ పారతాయో, ఎవరి పొలం పోతుందో అక్కడే చూసి మాట్లాడుకోవాలి. ఆ నడక ఎప్పుడో అడిగి తెలుసుకోండి. ఆ రోజు మీ ఊళ్లో పెద్ద వయసువాళ్లను తీసుకుపోండి. వాళ్లు చెప్పింది గ్రామసభ పుస్తకంలో రాయించండి.

చివరి మాట

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగింది. విజయవాడలో వేల ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అక్కడ ఏరు ఉందన్న సంగతి చాలామంది మర్చిపోయారు. ఏరు మాత్రం తన దారి మర్చిపోలేదు. మనం మర్చిపోయిన దారిని నీరు గుర్తుపెట్టుకుంటుంది.

నెల్లూరు జిల్లా దూబగుంట పేరు మీరు విన్నారు. అక్కడి ఆడవాళ్లు రాత్రి బడిలో ఒక పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు. సారా కొట్టు మూయించారు. 1992 నాటికి ఆ మాట రాష్ట్రమంతా పాకింది. చదువు పనికొచ్చేది అట్లాగే. మీ దగ్గర ఇప్పుడు గోడ మీద ఒక ప్రకటన ఉంది. చేతిలో పెన్ను ఉంది. సభకు ఇంకా రోజులున్నాయి.

వచ్చే ఆదివారం పొద్దున్నే నేను మళ్లీ వస్తాను. సర్వే రాళ్ల వెంట కలిసి నడుద్దాం. పెద్దలు ముందు నడిచి, నీళ్లు పారే చోటల్లా ఆగి చెప్పాలి. చదువుకున్న అక్కలు నోటు పుస్తకంలో రాయాలి. పిల్లలు టేపు పట్టి వరద చార ఎత్తు కొలవాలి. మధ్యాహ్నానికి ఇక్కడే కూర్చుని అర్జీలో ఖాళీలు నింపుదాం.

ఆ ముసలమ్మ మాట నేను రాయలేదు. మీ మాట మీరే రాయండి.